మగరాయుడు అన్న మాట వెనక

చెవుల మీద గుబురుగా వెంట్రుకలు మొలిచిన తాతలు గోదావరి జిల్లాల్లో ఏ ఊరి అరుగు మీద చూసినా ఒకరో ఇద్దరో తగులుతారు. మనవలు ఆ వెంట్రుకలు పట్టి లాగుతారు, తాతలు చేతికర్ర ఎత్తుతారు. పక్కన కూర్చున్న నానమ్మ చెవికి మాత్రం దిద్దు తప్ప ఇంకేమీ ఉండదు. అందరూ చూసి నవ్వి ఊరుకునే ఈ సంగతిని పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు కాగితం మీద పెట్టారు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఆయన శిష్యుడు. ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు గీసి, ఈ వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగుతున్నాయని 1960లో ఒక పత్రం ప్రచురించారు. మగవాళ్ళకే వస్తోంది, మగవాళ్ళ ద్వారానే వస్తోంది, కాబట్టి దీని జన్యువు మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోమ్ మీద ఉండాలి. లెక్క సరిగ్గా సరిపోయినట్టే కనిపించింది. జన్యుశాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

2004లో ఆ లెక్క తప్పింది. దక్షిణ భారతదేశంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ళ డీఎన్ఏ తీసి చూస్తే, వాళ్ళ వై క్రోమోజోమ్‌లు ఒక్క కుదురువి కావు. ఊళ్ళో మిగతా మగవాళ్ళకు ఎలాంటివి ఉన్నాయో వీళ్ళకూ అలాంటివే ఉన్నాయి. జన్యువులు ఇంకెక్కడో ఉండి, మగ హార్మోన్ పారే ఒంట్లోనే బయటపడుతున్నాయేమో అన్న వివరణకు బలం వచ్చింది. అంటే దిద్దు పెట్టుకున్న నానమ్మ కూడా ఆ జన్యువును మోస్తూ ఉండవచ్చు. ఆమె ఒంట్లో దాన్ని నిద్ర లేపే హార్మోన్ చాలినంత లేదు, అంతే.

ఒక గుణం మగవాళ్ళలోనే కనిపించినంత మాత్రాన అది వై క్రోమోజోమ్ మీద రాసి ఉందని కాదు. చెవి వెంట్రుకల దగ్గరే ఇంత తికమక ఉంటే, పిల్లల ఆటపాటల దగ్గర ఎంత ఉండాలి?

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళి బొమ్మల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. ఒక పక్క లక్కపిడతలు, బుల్లి తిరగలి, కళ్ళు మూసి తెరిచే బొమ్మ. ఇంకో పక్క ప్లాస్టిక్ లారీలు, తుపాకులు, బంతులు. మగపిల్లలు చాలామంది లారీల వైపు, ఆడపిల్లలు చాలామంది పిడతల వైపు చెయ్యి చాపుతారు. నేర్పారా, పుట్టుకతో వచ్చిందా అని అక్కడ ఎవరూ వాదించుకోరు. వాదన పుట్టేది ఒక పిల్ల పిడతలు పక్కకు తోసి లారీ పట్టుకున్నప్పుడే. "ఇదేం మగరాయుడే నా తల్లీ!" అంటుంది అమ్మమ్మ. సగం ముద్దు, సగం కంగారు. లక్కపిడతలు పట్టుకున్న పిల్లాడికి పడే మాటలో మాత్రం ముద్దు పాలు ఉండదు. 'మగరాయుడు'కీ 'ఆడంగి'కీ బరువులో ఉన్న తేడా తెలుగు మాట్లాడే ఎవరికైనా తెలుసు.

ఆ లారీ పట్టుకున్న పిల్ల గురించి శాస్త్రవేత్తలు అరవై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్నారు. వాళ్ళకు దొరికిన సమాధానంలో ఎక్కువ భాగం ఒక అరుదైన జబ్బు నుంచి వచ్చింది. ఆ జబ్బు తెలుగువాళ్ళకు కాస్త దగ్గరిది కూడా.

మొదట కోళ్ళ కథ. హార్మోన్ల శాస్త్రానికి పురుడు పోసింది కోడిపుంజే అంటే భీమవరం వాళ్ళు కాలరు ఎగరేయవచ్చు. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజుపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పిల్లలు పెరిగి కూయలేదు, పెట్టల వెంట పడలేదు, పోట్లాటకు దిగలేదు. నెత్తిమీది జుట్టు పాలిపోయి ముడుచుకుంది. తీసిన వృషణాన్ని మళ్ళీ కడుపులో ఎక్కడో ఒకచోట అతికించినవి మాత్రం మామూలు పుంజుల్లా కూశాయి, కాళ్ళు దువ్వాయి. నరాలతో పాత సంబంధం తెగిపోయినా పౌరుషం తిరిగొచ్చిందంటే, అది రక్తంలో కలిసి తిరిగే ఏదో సరుకు వల్లే కావాలి. సంక్రాంతి బరిలో డేగ, కాకి, నెమలి అని పేర్లు పెట్టి దింపే పుంజుల ఉక్రోషం వెనక ఉన్న ఆ సరుకుకు టెస్టోస్టెరాన్ అన్న పేరు 1935లో గానీ రాలేదు.

బెర్తోల్డ్ చూసింది ఒక రకం పని. హార్మోన్ ఉన్నంతసేపే ప్రభావం, తీసేస్తే పోతుంది. రెండో రకం ఇంకోటి ఉందని 1959లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో తేలింది. చార్ల్స్ ఫీనిక్స్, రాబర్ట్ గోయ్, ఆర్నాల్డ్ జెరాల్, విలియం యంగ్ కలిసి, చూలుతో ఉన్న గినీపందులకు టెస్టోస్టెరాన్ ఇచ్చారు. పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక మగవాటిలా ప్రవర్తించాయి. అదే మందు పెరిగిన ఆడ గినీపందికి ఇస్తే అలాంటి శాశ్వతమైన మార్పు రాలేదు. కడుపులో ఉన్న కొద్ది వారాల్లో తగిలిన హార్మోన్ మెదడులో ఏదో ఏర్పాటు చేసి వెళ్ళిపోతోంది. ఆ తర్వాత హార్మోన్ పోయినా ఏర్పాటు మిగులుతోంది.

డెల్టా రైతుకు ఈ తేడా చిటికెలో అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు తవ్వడం ఒక పని, జూన్‌లో నీళ్ళు వదలడం వేరే పని. కాలువ తవ్వేది ఒక్కసారి. నీళ్ళు ఏటా వస్తాయి, పోతాయి. కడుపులో ఉన్నప్పటి హార్మోన్ కాలువ తవ్వుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ళకు వచ్చేది లాకులు ఎత్తుతుంది.

తవ్వే కాలం దాటితే ఏం చేసినా లాభం లేదన్నది నీలకంఠ రొయ్యల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరి జిల్లాల మంచినీటి చెరువుల్లో ఒకప్పుడు జోరుగా పెంచిన రొయ్య ఇది. నీలం రంగు కొండి ఉన్న మగ రొయ్యే బాగా పెరుగుతుంది. అందుకే అన్నీ మగవే పుట్టించాలని ఇజ్రాయెల్‌లో అమీర్ సాగి బృందం పట్టుపట్టింది. బాగా చిన్నప్పుడే మగ రొయ్యలోని మగతనపు గ్రంథి తీసేస్తే అది ఆడ రొయ్యగా మారి గుడ్లు కూడా పెట్టింది. దాన్ని మామూలు మగదానితో కలిపితే పిల్లలన్నీ మగవే. అయితే గ్రంథి తీసే వయసు దాటిపోతే మార్పు సగంలో ఆగిపోతుంది. రొయ్య నుంచి మనిషి దాకా నేరుగా గీత గీయడం కుదరదు గానీ, 'ఎంత' అన్నదానితో పాటు 'ఎప్పుడు' అన్నదీ ముఖ్యమేనన్నది రెండు చోట్లా నిజం.

మనిషి విషయంలో ఆ 'ఎప్పుడు' తెలుసు. గర్భంలో ఏడెనిమిది వారాల దాకా ఆడపిండం, మగపిండం బయటికి ఒకేలా ఉంటాయి. వై క్రోమోజోమ్ మీది ఎస్ఆర్‌వై అనే జన్యువు, దీన్ని గుర్తించింది 1990లో, వృషణాలు తయారు చేయిస్తుంది. ఎనిమిదో వారం ప్రాంతంలో అవి టెస్టోస్టెరాన్ వదలడం మొదలెడతాయి. నాలుగో నెలకల్లా మగపిండంలో ఆ మోతాదు పతాకస్థాయికి చేరుతుంది. పుట్టాక మొదటి మూడు నెలల్లో ఇంకోసారి ఎగసి తగ్గుతుంది. తల్లికి మూడో నెల వేవిళ్ళు పూర్తిగా తగ్గకముందే లోపల కాలువ పని సగం అయిపోతోందన్నమాట.

గినీపందికి ఇచ్చినట్టు మనిషి పిండానికి హార్మోన్ ఇచ్చి చూడలేరు, చూడకూడదు. కానీ కొందరు ఆడపిల్లల విషయంలో ప్రకృతే ఆ పని చేస్తుంది.

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. ఆ తయారీలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్‌ది కీలకమైన మెట్టు. ఆరో క్రోమోజోమ్ మీది జన్యువు చెడి ఆ ఎంజైమ్ లేకపోతే కార్టిసాల్ రాదు. ఇంకా కావాలి, ఇంకా కావాలి అని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి తరుముతూనే ఉంటుంది. అడ్రినల్ ఉబ్బిపోతుంది. కార్టిసాల్ కాలేని ముడిసరుకు పక్కదారి పట్టి మగ హార్మోన్లుగా మారుతుంది. అడుగున తూము మూసుకుపోతే చెరువు నీళ్ళు గట్టు తెంచుకుని పక్క చేలోకి పోయినట్టే. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అని దీని పేరు, డాక్టర్లు పొట్టిగా సీఏహెచ్ అంటారు. గర్భంలో ఉన్నది ఆడపిల్ల అయితే, ఆ మగ హార్మోన్ల మధ్యే పెరుగుతుంది. లోపల గర్భాశయం, అండాశయాలు మామూలే. బయటి జననాంగం మాత్రం మగబిడ్డదాన్ని పోలి ఉంటుంది. ఆడో మగో చెప్పలేక పురుటిగదిలో ఒక్క క్షణం మాట పడిపోయేది అప్పుడే. పుట్టిన దగ్గర నుంచి మందు మొదలెడితే మగ హార్మోన్ అదుపులోకి వస్తుంది, బిడ్డ ఆడపిల్లగా పెరుగుతుంది. కాలువ మాత్రం అప్పటికే కొంత తవ్వి ఉంది.

ఆ కొంత ఎంత? షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ 1992లో ఇలాంటి పిల్లలను బొమ్మల మధ్య కూర్చోబెట్టి నిమిషాలు లెక్కపెట్టారు. సీఏహెచ్ ఉన్న ఆడపిల్లలు జబ్బు లేని తమ చుట్టాల ఆడపిల్లల కంటే కార్లు, కట్టుడు బిళ్ళలతో ఎక్కువసేపు ఆడారు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పరిశోధకులు మళ్ళీ చేసినా ఫలితం అదే వైపు మొగ్గింది. స్వీడన్‌లో 2002లో ఇంకో అడుగు ముందుకు వేసి, జన్యులోపం తీవ్రత పెరిగిన కొద్దీ మగపిల్లల బొమ్మల మీద మక్కువ కూడా పెరుగుతోందని చూపారు. జబ్బున్న మగపిల్లల ఆటల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్ళకు ఎలాగూ హార్మోన్ ఉంది. నిండిన కాలువలో ఇంకో బిందె పోసినట్టు.

"ఆ పిల్లలు కాస్త తేడాగా పుట్టారని తల్లిదండ్రులే మగపిల్లల్లా పెంచి ఉంటారు" అన్న సందేహం వెంటనే వస్తుంది. రావాలి కూడా. దాన్నీ పరీక్షించారు. 2005లో వికీ పాస్టర్‌స్కీ, తోటి పరిశోధకులు తల్లిదండ్రులు పక్కన ఉండగా ఆడించి చూస్తే జరిగింది తారుమారు. సీఏహెచ్ ఉన్న కూతురు బొమ్మను ఎత్తుకుంటే ఆ తల్లిదండ్రులు మామూలు కూతుళ్ళను మెచ్చుకునేదాని కంటే ఎక్కువగా మెచ్చుకున్నారు. అయినా పిల్ల చెయ్యి కారు వైపే పోయింది. 'నువ్వు ఆడపిల్లవే తల్లీ' అని గుర్తుచేసే ఆ తాపత్రయం కోనసీమ ఇంట్లో కూర్చుని చదివినా కొత్తగా అనిపించదు.

మనిషి సంస్కృతి తెలియని కోతుల సంగతి కూడా చూశారు. 2002లో వెర్వెట్ కోతులకు, 2008లో అట్లాంటాలో రీసస్ కోతులకు బొమ్మలిచ్చారు. మగ కోతులు చక్రాల బొమ్మల వైపు ఎక్కువ మొగ్గాయి. కోతికి లారీ అంటే ఏమిటో తెలియదు. కదిలేది, దొర్లేది, తోస్తే పోయేది కాబట్టి నచ్చిందేమో. పత్రికలు ఈ ప్రయోగాలను పండగలా రాశాయి. కొన్ని కోతులు కొన్ని బొమ్మలతో గడిపిన కొద్ది నిమిషాల మీద అంత పందిరి వేయడం ఎక్కువే.

అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రయోగం 2016లో వచ్చింది. అది కూడా హైన్స్ బృందానిదే. ఆడా మగా ముద్ర లేని వస్తువులు తెచ్చి, "ఇది ఆడపిల్లలది, అది మగపిల్లలది" అని పిల్లలకు చెప్పారు. మామూలు ఆడపిల్లలు తమవన్నవే ఎంచుకున్నారు. పెద్ద ఆడవాళ్ళు ఏది ఎంచుకుంటే దాన్నే అనుకరించారు. సీఏహెచ్ ఉన్న ఆడపిల్లలకూ అదే చెప్పారు, వాళ్ళకూ అర్థమైంది, గుర్తుంది. కానీ అంతగా పట్టించుకోలేదు. ఇక్కడే పాత తగవు కొత్త మలుపు తిరుగుతుంది. హార్మోన్ నేరుగా లారీ మీద ప్రేమ పుట్టించడమే కాదు, చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవర్ని చూసి నేర్చుకోవాలన్న ఆనవాలునే కాస్త మారుస్తోంది. పెంపకం, పుట్టుక అని రెండు వేర్వేరు తక్కెళ్ళు లేవు. పెంపకాన్ని అందుకునే చెయ్యే పుట్టుకతో కొంత మలచబడి వస్తోంది.

ఇంత చెప్పాక, ఇక్కడిదాకా నిజం, ఇక్కణ్ణించి కాదు అని గీత గీయాలి. సీఏహెచ్ ఉన్న ఆడపిల్లల్లో అత్యధికులు, నూటికి తొంభై మందికి పైగా, తమను ఆడవాళ్ళుగానే భావిస్తారు. ఆట మారింది గానీ తానెవరన్నది మారలేదు. మగ హార్మోన్ తగిలింది కాబట్టి లెక్కల్లో చురుగ్గా ఉంటారనుకుంటే అదీ లేదు. పెద్దయ్యాక ఎంచుకునే పనుల్లో యంత్రాలూ వస్తువుల వైపు మొగ్గు కనిపిస్తుంది. అది ఇష్టం, తెలివి కాదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్లలో ఇప్పటికీ దొరుకుతారు.

కెనడా నుంచి రెండు కథలు. ఒకటి డేవిడ్ రైమర్‌ది, అందరూ చెప్పుకునేదే. 1965లో పుట్టిన కవల మగబిడ్డ. ఎనిమిది నెలలకు సున్తీ చేస్తుండగా పురుషాంగం కాలిపోయింది. జాన్ మనీ అనే మనస్తత్వవేత్త సలహాతో ఆడపిల్లగా పెంచారు. పద్నాలుగేళ్ళకు నిజం తెలిసి మగవాడిగా మారిపోయాడు. 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు. పుట్టుకే అంతా అన్నవాళ్ళు ఈ కథతో చర్చ ముగించేస్తారు. రెండోది ఎవరూ చెప్పరు. అలాంటి ప్రమాదమే జరిగి, ఏడు నెలల వయసు నుంచి ఆడపిల్లగా పెరిగిన ఇంకో బిడ్డ గురించి 1998లో వైద్య పత్రికలో వచ్చింది. చిన్నప్పుడు మగరాయుడిలా ఆడింది. ఇరవై ఆరేళ్ళకు కూడా తాను స్త్రీనే అంది.

జబ్బేమీ లేని మామూలు పిల్లల్లోనూ ఉమ్మనీటిలోని టెస్టోస్టెరాన్ కొలిచి, తర్వాత వాళ్ళ ఆటలతో పోల్చి చూశారు. కొన్ని పరిశోధనల్లో సంబంధం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. ఉంగరపు వేలు చూపుడువేలి కంటే ఎంత పొడుగుంటే కడుపులో అంత మగ హార్మోన్ తగిలినట్టు అని చెప్పే వేళ్ళ కొలత ఒకటి ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతోంది. గుంపు మొత్తం మీద సగటు తేడా ఉన్న మాట నిజమే. ఒక మనిషి చెయ్యి చూసి ఏమైనా చెప్పాలంటే మాత్రం దానికంటే హస్తసాముద్రికం నయం, కనీసం కబుర్లయినా బాగుంటాయి.

లారీ, లక్కపిడతల దగ్గర హార్మోన్ పాత్ర ఉందనుకుందాం. మరి పలక, పుస్తకం దగ్గరో?

దీనికి గోదావరి జిల్లాల్లోనే కొంత సమాధానం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడుపుతున్న యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంటాడింది. ఎంచుకున్న జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పిల్లలు పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఏ పనికి ఎన్ని గంటలు పెడుతున్నారో అడిగి రాసుకున్నారు. వయసు పెరిగిన కొద్దీ ఆడపిల్లల ఖాతాలో అంట్లు, నీళ్ళు, తమ్ముళ్ళను ఎత్తుకోవడం పెరుగుతూ పోయాయి. ఇంట్లో ఒక్కరికే ప్రైవేటు బడి ఫీజు కట్టగలిగితే అది కొడుకు వైపు మొగ్గింది. ఏ గ్రంథీ ఊరించని తేడాలు ఇవి.

కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేఠ్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదేళ్ళపాటు సేకరించిన మార్కులతో ఇంకో విషయం పట్టుకున్నారు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు మగపిల్లల కంటే ఏటా కొంచెం కొంచెం వెనకబడుతున్నారు. పంతులమ్మ చెప్పిన ఏడాది ఆడపిల్లల మార్కులు మెరుగుపడ్డాయి. మగపిల్లలకు దానివల్ల నష్టమేమీ జరగలేదు. కడుపులో తవ్విన కాలువ పంతులమ్మ వచ్చిందని దారి మార్చుకోదు కదా! మేఘాలయలో ఇంకా నాటకీయంగా కనిపించింది. పక్కపక్కనే ఉండే రెండు తెగల్లో, ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి పోయే కార్బీల్లో నాలుగు ముక్కల పజిల్ మగవాళ్ళు త్వరగా పేర్చారు. ఆస్తి తల్లి నుంచి కూతురికి పోయే ఖాసీల్లో ఆ తేడా మాయమైంది. ఈ ఫలితం 2011లో వెలువడింది.

జనం తిప్పుతున్నది ఎక్కువగా తలకిందుల లెక్క. కోడలు ఉద్యోగం దగ్గరా కూతురి సైన్సు గ్రూపు దగ్గరా హార్మోన్ పేరు ఎత్తుతారు, అక్కడ దాని సాక్ష్యం పలచన. సాక్ష్యం చిక్కగా ఉన్న చోట, అయిదేళ్ళ పిల్ల చెట్టెక్కి కోతికొమ్మచ్చి ఆడినప్పుడు, "దానికి బుద్ధి చెప్పు" అని తల్లిని కోప్పడతారు.

ఇక ఆ జబ్బు తెలుగువాళ్ళకు దగ్గరిదన్న మాట. సీఏహెచ్ రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ ప్రతులూ అందాలి. ఒక్క ప్రతి ఉన్నవాళ్ళు నిక్షేపంగా ఉంటారు, తమ దగ్గర ఉందని కూడా తెలియదు. మేనత్త కొడుకునో మేనమామనో చేసుకుంటే, ఒకే తాత నుంచి వచ్చిన ఒకే చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకునే అవకాశం పెరుగుతుంది. మేనమామను చేసుకున్నప్పుడు అది మేనబావను చేసుకున్నదానికి రెట్టింపు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి రక్తసంబంధీకుల మధ్యదే. చెవి వెంట్రుకలు లెక్కపెట్టిన ద్రోణంరాజే 1960ల మొదట్లో పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్ మేనరికాల సంఖ్య, వాటి ఫలితాల మీద కూడా పత్రాలు రాశారు. ఆ విషయంలో ఆయన లెక్క తప్పలేదు.

హైదరాబాద్‌లో డాక్టర్ ఎ. రాధా రమాదేవి, నౌషాద్ నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువుల రక్తం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి 2,575 మందిలో ఒకరికి సీఏహెచ్. ప్రపంచంలో చాలాచోట్ల పది, పదిహేను వేల మందికి ఒకరు. అయితే 18,300 మందిలో ఆ లెక్కన తేలేది ఏడుగురే, ఇద్దరు అటో ఇటో అయితే అంకె మారిపోతుంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఐదు నగరాల్లో లక్షమందికి పైగా శిశువులను పరీక్షించింది. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దేశం మొత్తం మీద 5,762 మందికి ఒకరు, చెన్నైలో సుమారు రెండు వేల మందికి ఒకరు. మేనరికాలున్న దక్షిణాదిలో ఈ జబ్బును అరుదైనదని పక్కన పెట్టే వీలు లేదు.

కడుపులో ఉండగానే డెక్సామెథసోన్ ఇచ్చి ఆడబిడ్డను మగ హార్మోన్ల నుంచి కాపాడే పద్ధతి ఒకటుంది. కానీ బిడ్డకు జబ్బుందో లేదో, ఆడో మగో తెలియకముందే మొదలెట్టాలి. ఎనిమిది గర్భాల్లో అవసరమయ్యేది ఒక్కదానికి. మిగతా ఏడుగురికీ ఊరికే మందు. పరిశోధనల్లో తప్ప వాడొద్దని అంతర్జాతీయ నిపుణుల మాట. పుట్టాక పసిపిల్లలకు హడావిడిగా చేసే 'సరిదిద్దే' ఆపరేషన్ల మీద కూడా అభిప్రాయం మారింది. ప్రాణం మీదికి వస్తే తప్ప ఇలాంటి శిశువులకు లింగాన్ని ఖరారు చేసే శస్త్రచికిత్సలు చేయకూడదని 2019లో మద్రాసు హైకోర్టు తమిళనాడు ప్రభుత్వానికి చెప్పింది.

అసలు ప్రమాదం ఆటల్లో లేదు, ఉప్పులో ఉంది. ఈ జబ్బు తీవ్రరూపంలో ఉన్న బిడ్డల ఒంట్లో ఉప్పు నిలవదు. పుట్టిన రెండో వారంలో పాలు తాగడం మానేస్తారు, వాంతులు, బరువు తగ్గుతుంది, ఒళ్ళు వేలాడేస్తారు. చూసినవాళ్ళు అజీర్ణమనో విరేచనాల వల్లనో అనుకుంటారు. ఆడపిల్లయితే పుట్టగానే తేడా కనిపించి ఎవరో ఒక డాక్టర్ అనుమానిస్తారు. మగబిడ్డ బయటికి పండులా ఉంటాడు. అందుకే పట్టుబడక చనిపోయేది ఎక్కువగా మగపిల్లలే. బాలారిష్టం అని, దిష్టి అని పాతరోజుల్లో సరిపెట్టుకున్న మరణాల్లో ఇవి ఎన్ని కలిసిపోయాయో!

మందు ఖరీదైనదేమీ కాదు. హైడ్రోకార్టిసోన్ మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు కోసి, ఒక ముక్క చెంచాలో నూరి, రెండు చుక్కల నీళ్ళతో రోజుకు మూడుసార్లు పట్టాలి. ఉప్పు నిలిపే మాత్ర ఇంకోటి, పాలల్లో కొలిచి కలిపే కాస్త ఉప్పు. జ్వరం వస్తే మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. ఇది జీవితాంతం. అసలు కష్టం ముక్కలు కోయడంలో లేదు, సకాలంలో తెలుసుకోవడంలో ఉంది.

తెలుసుకోవడానికి బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ పక్కన చిన్న సూది గుచ్చుతారు. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కలను మందపాటి కాగితం కార్డు మీద అచ్చేసి ఉన్న గుండ్రటి గీతల్లో నిండేలా తాకిస్తారు. వెనక్కి తిప్పి చూస్తే అటువైపు కూడా అంతే ఎర్రగా దిగి ఉండాలి. ఎండ తగలకుండా మూడు నాలుగు గంటలు ఆరనిచ్చి కవరులో పెట్టి ల్యాబుకు పంపుతారు. ఉప్పు జారిపోవడం మొదలయ్యేది రెండో వారంలో. కార్డు అమలాపురంలో ఆరినా భీమవరంలో ఆరినా, దాని ఫలితం ఈలోపే తల్లి ఫోనుకు చేరాలి.